లైవ్ రాకా, డ్రై రాకా?

పగడాల అక్వేరియానికి పునాది రాయే. అందుకే చేపలకన్నా ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

లైవ్ రాక్ సముద్రపు నీటిలో నాని, ప్రాణులు కాపురమున్న రాయి. చేపలకు విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా దాని రంధ్రాల్లో ముందే ఉంటుంది. రాత్రి దీపాలు ఆర్పి టార్చి లైటు వేసి చూడండి: ఊదారంగు నాచు పొర మీద ఇసుక రేణువులంత జీవులు గంతులేస్తుంటాయి, పగుళ్లలోంచి సన్నని పురుగు తల బయటపెడుతుంది. ఆ దృశ్యం కోసమే నాకు లైవ్ రాక్ మీద అంత మమకారం.

అయితే దానితోపాటు ఐప్టేసియా అనే చిన్న ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) కూడా రావచ్చు. అది పగడాలను కుడుతుంది. గిల్లేస్తే మిగిలిన ముక్క నుంచే మళ్లీ మొలుస్తుంది. రాయి దారిలో ఆరిపోతే అందులోని జీవులు చచ్చి, నీటిలో అమ్మోనియా ఎగబాకుతుంది.

డ్రై రాక్ అంటే ప్రాణులేవీ లేని ఎండు రాయి. దానితో ఈ బెడద లేదు. ధర తక్కువ, తీరిగ్గా పేర్చుకోవచ్చు. కానీ బ్యాక్టీరియాను విడిగా చేర్చి, అది కుదురుకునే దాకా సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఆగాలి. తర్వాత కూడా డయాటమ్ అనే సూక్ష్మ నాచు గోధుమరంగు పొర కొన్నాళ్లు కనిపిస్తుంది.

నేనైతే ఎక్కువ భాగం డ్రై రాక్ పేర్చి, మధ్యలో ఒకటి రెండు మంచి లైవ్ రాక్ ముక్కలు పెడతాను. ఏది ఎంచుకున్నా అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు సున్నా చూపేవరకు ఒక్క చేపనూ నీటిలో దించకండి.