సీటు కింద సీక్రెట్ లాకర్: నాలుగేండ్లు వాడినంక నా అభిప్రాయం

బొలెరో గురించి కొత్తగా చెప్పేదేం లేదు, మైలేజీ, సస్పెన్షన్ అన్నీ మీకు ఎరికే. నేను రాసేది దాని వెనక సీటు కింద చేపిచ్చుకున్న లాకర్ గురించి, బండికి చోర్‌జేబు అనుకోండ్రి. నాది మిర్చి బేరం. మంగపేట, వాజేడు, వెంకటాపురం దిక్కు కల్లాల మీదనే కాంటా పెట్టి కొని ఎనుమాముల మార్కెట్‌కు తోలుతం. అటు చాలా చోట్ల సిగ్నలే ఉండదు, ఉన్నకాడ కూడా ఫోన్‌పే కొడతా అంటే పెద్దమనుషులు మొఖం మాడ్చుకుంటరు, చేతిల నోట్లు పడితేనే బస్తా లేస్తది. సీజన్ల బండిల పైసలు లేకుంటే నా బేరం నడవది.

వరంగల్ ఆటోనగర్‌ల ఒక బాడీ పనాయన చేసిచ్చిండు. మందం రేకు, లోపల రెగ్జిన్, మూత మీద బండి మ్యాటే అతికించిండు, తాళం రంధ్రం సీటు బెల్టు పట్టీ ఎనక. మ్యాటు మీద చెయ్యి పెట్టి తడిమినా అతుకు దొరకది. పనితనం మాత్రం కండ్లకద్దుకునేటట్టు ఉంటది, ఇప్పటికీ అదే అంటా. హన్మకొండల పెండ్లికి పోతే ఫంక్షన్ హాల్ బయట అద్దం పలగ్గొట్టి స్టీరియో, ముందు సీటు మీది బ్యాగు, ఆఖరికి కొత్త చెప్పుల జత కూడా ఎత్తుకపోయిండ్రు, లాకర్‌ల రైతులకియ్యాల్సిన పైసలు మాత్రం ఎక్కడియి అక్కడనే ఉన్నయి. ఆ దెబ్బతోని కనపడ్డోనికల్లా చేపిచ్చుకో అని చెప్పుకుంట తిరిగిన, మా బేరంలోళ్ళు కొందరు చేపిచ్చుకున్నరు కూడా.

ఇగ నా కడుపు మంట దగ్గరికి వస్తా. ఎవ్వలికి కనపడది అన్నదే దీని గొప్ప కదా, అదే నా మెడకు చుట్టుకుంది.

మొన్న సీజన్ల ఏటూరునాగారం దాటి అడవి రోడ్డుల వస్తున్న, రాత్రి. దారిల చెకింగ్. ఆంధ్రా ఒడిశా బార్డర్ ఏజెన్సీ నుంచి గంజాయి ఈ దిక్కు నుంచే దాటుతదని, ట్రాలీల కింద, డోర్లల్ల అరలు చేసి తెస్తున్నరని పేపర్ల చూస్తనే ఉంటం, చెకింగ్ పెట్టుడు తప్పని నేను అనను. ఒక కానిస్టేబుల్ లాఠీ కొసతోని ఫ్లోర్ కొట్టుకుంట వచ్చిండు. ముందుదిక్కు టక్ టక్, వెనక సీటు కింద డుబ్. మళ్ళా కొట్టిండు, మళ్ళా డుబ్.

"ఇదేంది?"

"లాకర్ సార్, పైసలు పెట్టుకుంటందుకు."

"తియ్యి."

తాళం పెట్టిన, సగం తిరిగి ఆగింది. వానకాలం పట్టిన తుప్పు, దాని మీద సీజన్ మొత్తం మిర్చి దుమ్ము, అట్టకట్టుకపోయింది. అటు తిప్పిన, ఇటు తిప్పిన, చేతులు వణుకుతున్నయి, నేను ఎంత గుంజితే వాళ్ళకు అంత అనుమానం. "రాక తీస్తలేవా, తియ్యక తీస్తలేవా" అన్నడు ఎస్సై. మ్యాటు పీకిండ్రు, కింద పేరుకున్న కారం లేచింది, నలుగురం ఒకటే తుమ్ములు. ఎస్సై ముక్కు తుడుచుకుని "కుక్కకు వాసన తెల్వకుండ కారం చల్లినవారా" అన్నడు. నాది మిర్చి బేరం సార్ అంటే ఇంటే కదా.

పక్క ఊరికెళ్ళి వెల్డింగ్ పిలగాన్ని నిద్రల లేపుకొచ్చి గ్రైండర్‌తోని మూత కోపిచ్చిండ్రు, కూలి నేనే ఇచ్చిన. లోపల ఏమున్నయి, నోట్ల కట్టలు, కాంటా చిట్టీలు, బ్యాంకుల డబ్బులు తీసిన స్లిప్పు, గుండు ఊడితే బాగుచేపియ్యమని మా ఇంటామె ఇచ్చిన పట్టీలు. ఎస్సై పట్టీలు పైకెత్తి టార్చి ఏసి చూసి మళ్ళా అదే గుడ్డల చుట్టి పెట్టిండు. తెల్లారినంక పోనిచ్చిండ్రు, చాయ్ కూడా తాపిండ్రు, ఆ మాట చెప్పాలె. కని పొయ్యేటప్పుడు ఇది ఆర్సీల ఉందా అని ఒక మాట ఏసిండ్రు, అది ఇంకా కడుపుల తిరుగుతుంది.

హన్మకొండల తెలిసిన వకీలును అడిగిన. బండిల రహస్య అర ఉండుడే నేరమని మన దగ్గర విడిగ చట్టం లేదట. ఉన్నది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, ఆర్సీల ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని. 2019 సవరణల మార్పుకొక్కటికి 5,000 జరిమానా, లేకుంటే ఆరు నెలల దాక జైలు, రెండూ పడొచ్చని రాసిండ్రు. సీటు కింద డబ్బా ఆ లెక్కల వస్తదా అంటే ఆయన కూడా గట్టిగ చెప్పలే. అసలు భయం గంజాయి చట్టంతోని అన్నడు. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం 60వ సెక్షను, సరుకు దొరికితే బండి జప్తు, నాకు తెల్వది, నా మనిషికి తెల్వది, జాగర్తలు అన్నీ తీసుకున్నం అని ఓనరే రుజువు చేసుకోవాలె. నా డ్రైవర్ పిలగాడు ఒక్కడే పోయిన రోజు ఆ డబ్బాల ఎవడన్న ఏమన్న పెడితే? ఇన్నేండ్లల్ల నాకు ఈ ఆలోచనే రాలే.

ఒహాయో కొలంబస్‌ల ఉండే మా బామ్మర్దికి ఈ ముచ్చట చెప్తే, బావా, ఈడ 2012లనే దీని మీద చట్టం వచ్చింది అన్నడు. మత్తుమందు దాచే ఉద్దేశంతోని అర కడితే, తెలిసి ఆ బండి నడిపితే, అర ఖాళీగ ఉన్నా కేసేనట, 18 నెలల దాక జైలు. 2013 నవంబర్‌ల ఒకాయన బండిల వైర్లు చూసి అర కనిపెట్టిండ్రు, లోపల ఏం లేదు, అయినా అరెస్ట్ చేసిండ్రు. ఉద్దేశం అనేది ఖాళీ డబ్బాల ఎట్ల కనపడతదో మరి. కని ఆ చట్టంలనే ఇంకోటి ఉందట, విలువైన సామాన్లు దాచుకునేందుకు పెట్టిన పెట్టె అయ్యి, దొరికినప్పుడు అండ్ల మత్తుమందు, దాని ఆనవాలు లేకుంటే ఆ చట్టం తగలది. నాకు ఆ ఒక్క లైనుతోనే కుళ్ళొచ్చింది. మన దగ్గర వద్దని రాసిలేదు, పర్వాలేదని రాసిలేదు, ఆ రాత్రి టార్చి ఎవరి చేతిల ఉంటే ఆయన ఇష్టం.

అతుకు దొరకది అని మెచ్చుకున్న కదా, తడికి మాత్రం దొరుకుతది. వానకాలంల నోట్లు మెత్తపడి వాసనొస్తయి, గతుకుల రోడ్డుల మూత గలగలమంటది. పోలీసులకు వినపడ్డది, రేపు దొంగలకు వినపడదా. 2023 ఎలక్షన్లప్పుడైతే 50 వేలు దాటితే కాయితాలు చూపియ్యాలె కాబట్టి పైసలు డ్యాష్‌బోర్డులనే పెట్టుకుని తిరిగిన, లాకర్ ఉన్నట్టా లేనట్టా.

ఇప్పుడు కొత్త మూత ఏపిచ్చిన, మ్యాటు లేకుండ, తాళం పైకే కనపడేటట్టు. దొంగకు కూడా కనపడతది, ఏం చేస్తం. మొత్తం తీపిచ్చెయ్యమని ఇంటామె అంటది, కల్లాల కాడ నగదు బేరం ఉన్నన్ని రోజులు నేనైతే తియ్య. మీది ఉద్యోగమై, కార్డుతోని నడిచేటోళ్ళయితే ఈ జోలికే పోకుర్రి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటోళ్ళు మాత్రం ఇంజిన్ కంటే ముందు సీట్లు లేపి ఫ్లోర్ కొట్టి చూడుండ్రి. నాలెక్క చేపిచ్చుకున్నోళ్ళుంటే తాళంల నెలకోసారి నూనె చుక్క ఎయ్యుండ్రి, కాంటా చిట్టీలు లాకర్‌ల కాదు, జేబుల పెట్టుకోండ్రి.