నాలుగేళ్లుగా వాడుతున్న ఎయిర్‌బ్రష్, దానికి గాలినిచ్చే కంప్రెసర్

చెక్కబొమ్మలు, ప్లాస్టిక్ నమూనా విమానాలు చేసి వాటికి రంగులు వేయడం నాకు చాలాకాలంగా ఉన్న వ్యాపకం. 1/72 కొలతలో చేసిన విమానం రెక్క మీద కుంచె వదిలే చారలు, అసలు రెక్క మీదుండే రేకుల అతుకుల కన్నా లావుగా కనిపించేవి. అది చూసి చూసి విసిగి, నాలుగేళ్ల క్రితం ఎయిర్‌బ్రష్, అంటే గాలితో రంగును సన్నని తుంపరగా చిమ్మే పరికరం, కొన్నాను. రంగు బయటికి వచ్చే మూతి (నాజిల్) 0.3 మి.మీ. ఉన్న డబుల్ యాక్షన్ రకం అది. దానితోపాటు మూడు లీటర్ల ట్యాంకుతో వచ్చే చిన్న కంప్రెసర్‌నూ తెచ్చుకున్నాను.

ఈ రకంలో మీటను కిందికి నొక్కితే గాలి మాత్రమే వస్తుంది. నొక్కి ఉంచి వెనక్కు లాగితే నాజిల్‌ను మూసి ఉంచే సూది జరిగి రంగు కూడా వస్తుంది. గాలి ముందు, రంగు తరువాత. ఆపేటప్పుడు రంగు ముందు, గాలి తరువాత. ఈ వరుస వేళ్లకు అలవాటయ్యేదాకా ప్రతి గీతా ఒక చుక్కతోనే మొదలైంది. రెండు నెలలపాటు పాత అట్టముక్కల మీదే సాధన చేశాను.

రంగును పలుచన చేయడమే దీనిలో అసలు విద్య. నీటితో పలుచబడే యాక్రిలిక్ రంగు పాలంత పలుచగా ఉండి, గిన్నె అంచు మీదుగా జారి సన్నని పొరను వదలాలి. అలాంటి రంగుకు 15 నుంచి 20 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) గాలి నాకు సరిపోతోంది. మరీ పలుచనైతే గాలి తాకిడికి తడి రంగు సాలెపురుగు కాళ్లలా నలువైపులా పాకుతుంది. చిక్కగా ఉంటే గాలిలోనే సగం ఆరి ఉపరితలం గరుకుదేలుతుంది. యాక్రిలిక్‌తో మరో ఇబ్బంది, సూది మొన మీద రంగు ఎండి పేరుకోవడం. రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలిపినా అది పూర్తిగా పోదు కనుక, తడి బ్రష్ ఒకటి పక్కనే పెట్టుకుని మధ్యమధ్యలో మొనను తుడుస్తుంటాను.

కంప్రెసర్ విషయంలో నా తొలి అంచనా తప్పింది. ట్యాంకు ఉండటం వల్ల గాలి అదురు లేకుండా వస్తుందన్నది నిజమే, కానీ నొక్కుకుపోయి వేడెక్కిన గాలి ట్యాంకులోనూ గొట్టంలోనూ చల్లబడినప్పుడు దానిలోని తేమ నీరవుతుందన్న సంగతిని నేను తేలికగా తీసుకున్నాను. ఒక ముసురు రోజున, మూడు వారాలు శ్రమించి చేసిన చెక్క పడవకు చివరి వార్నిష్ పూత వేస్తుండగా, నాజిల్ నుంచి నీటి చుక్కలు చిమ్మి పడవ అంచంతా పొక్కులు లేచింది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ మొదటికి రావలసి వచ్చింది. ఆ తరువాత ఎయిర్‌బ్రష్ పిడి దగ్గర రెండో తేమ వడపోతను బిగించాను. పని ముగిశాక ట్యాంకు అడుగు మరను విప్పి నీరు వదలడం కూడా మానలేదు.

శుభ్రపరచడానికి పట్టే సమయం, రంగు వేసే సమయానికి ఇంచుమించు సమానం. ఇది నచ్చనివారు కుంచెతోనే సుఖంగా ఉంటారని నా అభిప్రాయం. మొదటి నాజిల్‌ను అతిగా బిగించి పగలగొట్టింది నేనే. వేలితో తగిలీ తగలనట్టు బిగిస్తే చాలునని అప్పుడు తెలిసింది. లాక్కర్ రంగులను పలుచన చేసే ఘాటైన ద్రవం లాక్కర్ థిన్నర్‌లో నానబెట్టిన, ఎయిర్‌బ్రష్‌లోని రబ్బరు వలయం ఉబ్బిపోయింది, టెఫ్లాన్ వలయానికి మాత్రం ఏమీ కాలేదు.

నీటి రంగే కదా అని మాస్కు లేకుండా వాడటం మాత్రం పొరపాటు; ఆ సన్నని తుంపర ఊపిరితిత్తులలోకి పోతుంది. లాక్కర్ రంగులకైతే బొగ్గు వడపోత ఉన్న మాస్కూ, రంగు వేసేటప్పుడు గాలిని బయటికి తోసే పంకా ఉన్న పెట్టె కూడా తప్పనిసరి.

బొమ్మల కళ్లు, పెదవులు ఇప్పటికీ కుంచెతోనే దిద్దుతున్నాను. ఎయిర్‌బ్రష్‌కు ప్రస్తుతం ఉన్నది మూడో నాజిల్, రెండో సూది. దాని మీది రంగు గిన్నె అంచు దగ్గర క్రోమ్ పూత లేచిపోయి లోపలి ఇత్తడి కనిపిస్తోంది గానీ, మీట ఇంకా మొదటి రోజంత మెత్తగానే జారుతోంది.