కార్టర్ ఫ్యామిలీ: విక్టర్ మేలా, డెక్కా మేలా?

అమెరికా పల్లె పాటల తొలి బృందాల్లో ఒకటైన కార్టర్ ఫ్యామిలీ పాటలు ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలని అడిగినవాళ్లందరికీ ఇన్నేళ్లుగా ఒకటే జవాబు చెబుతూ వచ్చాను: 1927, అమెరికాలోని బ్రిస్టల్ పట్టణం, వాళ్ల తొలి రికార్డులు. ఆలోచించి చెప్పిన జవాబు కాదది. అందరూ అదే చెబుతారు కాబట్టి నేనూ చెప్పాను. కిందటి నెలలో ఒకే వారంలో ముగ్గురు మళ్లీ అదే అడిగారు. నాలుగో ఆయన నా పాత సలహా పాటించిన మనిషి. "రెండో సీడీ దాటలేకపోయాను, లోపం నా చెవిలోనే ఉందంటారా?" అని రాశారు. ఆయన చెవి బాగానే ఉంది. నేను కూడా ఆ తొలి ఏళ్ల పాటల అయిదు సీడీల పెట్టె కొని, రెండోదాన్ని సగంలో ఆపేసి, ఏడాదిపాటు అల్మరాలో పెట్టినవాణ్నే. ఆ సంగతి దాచి సలహాలిచ్చాను, అంతే తేడా.

అందుకే ఈసారి సరిగ్గా పోల్చి చూద్దాం. ఏపీ కార్టర్, అతని భార్య సారా, తమ్ముడి భార్య మేబెల్ కలిసి 1927 నుంచి 1941 దాకా ఇచ్చిన దాదాపు 300 రికార్డింగుల్లో పోటీ ప్రధానంగా రెండింటి మధ్యే: 1927-34లో విక్టర్ కంపెనీకి పాడినవి, 1936-38లో డెక్కా కంపెనీకి పాడినవి. మెక్సికో సరిహద్దు రేడియో రికార్డింగులు మూడోది. మిగిలినవాటికి తలా ఒక వాక్యం చాలు.

విక్టర్ పక్షాన చెప్పవలసింది చాలానే ఉంది. మన ఇళ్లలో పాత హెచ్‌ఎంవీ ప్లేట్ల మీద కనిపించే కుక్క బొమ్మే అమెరికాలో ఈ ప్లేట్ల మీదా ఉండేది. బ్రిస్టల్‌లో ఆగస్టు 1, 2 తేదీల్లో వాళ్లు ఆరు పాటలు పాడారు. రెండో రోజు ఏపీ లేడు. సారా, మేబెల్ ఇద్దరే. మేబెల్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు, నిండు గర్భిణి. మరో ఆరు వారాలకు పెద్ద కూతురు హెలెన్ పుట్టింది. బ్రిస్టల్‌లో ఆ రెండో రోజు పాడిన 'సింగిల్ గర్ల్, మ్యారీడ్ గర్ల్' అంటే సారాకు ఇష్టం లేదట, విక్టర్ తరఫున రికార్డు చేయించిన రాల్ఫ్ పీర్ అడిగితే పాడింది. పెళ్లి కాని పిల్ల సింగారించుకుంటుంది, పెళ్లయినది ఏదో ఒకటి చుట్టుకుంటుంది. ఒకతె అంగడికి పోయి కొనుక్కుంటుంది, ఇంకొకతె ఉయ్యాల ఊపుతూ ఏడుస్తుంది. ఇంత చేదు విషయాన్ని సారా ముఖంలో ఏ భావమూ లేనట్టు పాడుకుపోతుంది. నిండు నెలలతో మేబెల్ పక్కన కూర్చుని గిటార్ వాయిస్తోంది.

మరుసటి సంవత్సరం మే నెలలో న్యూజెర్సీలోని క్యామ్‌డెన్‌లో 'కీప్ ఆన్ ది సన్నీ సైడ్', 'వైల్డ్‌వుడ్ ఫ్లవర్' రికార్డయ్యాయి. గిటార్ నేర్చుకునేవారికి ఇక చర్చ అక్కర్లేదు, విక్టరే. బొటనవేలితో లావు తీగల మీద రాగం, చూపుడువేలితో సన్న తీగల మీద తాళం: ఇద్దరు మనుషుల పని ఒక్క చేత్తో. ఈ తరహా పాటల్లో గిటార్ అప్పటిదాకా ఎక్కువగా పాట వెనక నిలబడే వాయిద్యం. మేబెల్ దాన్ని ముందుకు తెచ్చింది. 'వైల్డ్‌వుడ్ ఫ్లవర్'లో మరో ముచ్చట కూడా ఉంది. అది 1860లో అచ్చయిన నాజూకు పాట. పట్నపు ఇళ్లలోని పియానోల మీంచి దిగి, కొండల్లో నోటికి నోరుగా తిరిగి సారా దగ్గరికి వచ్చేసరికి కొన్ని మాటలు అరిగిపోయి అర్థమే లేకుండా పోయాయి. ఆమె వాటిని సరిదిద్దలేదు. తను విన్నట్టే అప్పగించింది. మన పెళ్లిపాటల్లో అర్థం తెలియని మాటలు ఎన్ని లేవు!

దాదాపు పాటలన్నిటి మీదా రచయితగా ఏపీ పేరే ఉంటుంది. అతడు సేకర్త, ఊరూరా తిరిగి పాటలు పోగుచేసినవాడు. వెంట వెళ్లిన నల్లజాతి గిటారిస్టు లెస్లీ రిడిల్‌ది అసాధారణమైన జ్ఞాపకశక్తి. ఏపీ మాటలు రాసుకునేవాడు, రిడిల్ వరుస మనసులో పెట్టుకునేవాడు. లేబుళ్ల మీద మాత్రం రిడిల్ పేరు లేదు. విక్టర్ కాలాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ మాట మింగేయకూడదు.

మరి ఇంత సరుకు ఉండి కూడా ఎందుకు విసుగొస్తుంది? సగం తప్పు పెట్టెది. ఆ పాటలు ప్లేటుకు రెండు చొప్పున అమ్ముడైనవి. ఊళ్లో ఒకరు ప్లేటు కొంటే ఆ రెండు పాటలే నెలల తరబడి మోగేవి. మనం పాతికేసి పాటలను తేదీల వరసలో గుచ్చి ఒక్క బిగిన వింటున్నాం. మూడేసి నిమిషాలు, ఇంచుమించు ఒకే నడక. ఎవరికైనా కునుకు పడుతుంది.

రెండో సగమే నా దృష్టిలో అసలు విషయం: సారా గొంతు. ఈ బృందంలో ఎవరు ఏం వాయించినా, పాట నిలబడేది ఆమె గొంతు మీదే. విక్టర్ తొలి రికార్డుల్లో అది పైస్థాయిలో, బిగుతుగా, కొంచెం దూరంగా వినిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కిందికి దిగింది. డెక్కాకు వచ్చేసరికి దాదాపు మగ గొంతంత మంద్రంగా, బరువుగా, మన పక్కనే కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతు దిగడం వల్ల మేబెల్‌కు పైన చోటు దొరికింది. జంటగా పాడినప్పుడు రెండు గొంతులూ విడివిడిగా వినిపిస్తాయి, కలిసీ వినిపిస్తాయి. 1937లో పాడిన 'హలో స్ట్రేంజర్' వినండి. ఒకరు పలకరిస్తే మరొకరు అందుకున్నట్టు ఇద్దరు ఆడవాళ్లు పంక్తులు పంచుకుంటారు. అల్మరాలోంచి నా పెట్టె మళ్లీ బయటికి వచ్చింది ఆ పాట విన్నాకే.

ఇక ఏపీ సంగతి. పాడాలనిపిస్తే పాడేవాడు, లేకపోతే కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడేవాడని మేబెల్ తరవాత గుర్తుచేసుకుంది. బుర్రకథలో వంత తనకు తోచినప్పుడే అందుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. విక్టర్‌లో ఇది ఒక్కోసారి అడ్డుపడినట్టుంటుంది. డెక్కాలో ఎందుకో కుదిరింది. ఆ వణికే గొంతు వచ్చినప్పుడు వస్తుంది, రానప్పుడు లోటు తెలియదు.

డెక్కా రికార్డులు చేసే నాటికి సారా, ఏపీ విడిపోయి ఉంటున్నారు. ఆమె రికార్డింగులకు వచ్చి పాడి వెళ్లేది. గొంతులోని బరువుకు కారణం అదేనని కొందరు కథ అల్లుతారు. నాకు నమ్మకం లేదు. కాపురం సజావుగా ఉన్న 1927లోనూ పాడింది నన్ను ఏడిచే విల్లో చెట్టు కింద పాతిపెట్టండి అనే పాటే కదా. వయసు పెరిగింది, గొంతు ముదిరింది. అంతవరకే చెప్పగలం.

డెక్కా ప్లేటు 35 సెంట్లు, విక్టర్ వారి మేలు రకం ప్లేటు 75 సెంట్లు. ముప్పైల నాటి ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ తేడా చిన్నది కాదు. 'నో డిప్రెషన్ ఇన్ హెవెన్' 1936లో ఈ చౌక ప్లేట్ల మీదే వచ్చింది. 1938 నాటి 'కోల్ మైనర్స్ బ్లూస్', 'యూ ఆర్ మై ఫ్లవర్' కూడా డెక్కావే. మొత్తం 60 పాటలు. అంటే తొలిసారి వినేవారికి మోయగలిగినంత మూట, అదీ ఒక సుగుణమే. గట్టిగా నిలదీస్తే ఒకటి ఒప్పుకుంటాను: పాటల ఎంపికలో విక్టర్ గొప్పది. తలమానికాల్లో ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి. డెక్కాలో వాటికి దీటైనవి ఓ పదిహేను ఉంటాయేమో.

సరిహద్దు రేడియో సరదాగా ఉంటుంది. టెక్సస్‌కు ఆవలి గట్టున, మెక్సికోలోని విల్లా అకున్యాలో ఎక్స్‌ఈఆర్‌ఏ స్టేషన్. దాని యజమాని, మగవాళ్లకు మేక గ్రంథులు అతికించి పేరు మోసిన డాక్టర్ బ్రింక్లీ. మందుల ప్రకటనల నడుమ పాటలు. 1939 నాటి ప్రసారపు డిస్కుల్లో మేబెల్ కూతుళ్లు హెలెన్, జూన్, అనిత కూడా చిన్న గొంతులతో పాడతారు. పాటలు పొట్టివి, ధ్వని గరగర. కుటుంబం మీద ప్రేమ పుట్టాక వింటే ముద్దొస్తాయి, ముందే వింటే పుట్టదు.

1935లో ఏఆర్‌సీ అనే మరో రికార్డు కంపెనీకి పాడినవాటిలో పాత విక్టర్ పాటలే మళ్లీ చేసినవి చాలా ఉన్నాయి, 'కెన్ ది సర్కిల్ బీ అన్‌బ్రోకెన్' కోసం ఒకసారి వినాలి. 1940 షికాగోలో పాడినవి, 1941లో తిరిగి విక్టర్‌కు పాడినవి ఆఖరున. యాభైల్లో ఏపీ, సారా మళ్లీ కలిసి చేసినవి అభిమానులకు మాత్రమే.

రెండో సీడీ దగ్గర ఆగిపోయిన ఆయనకు 'హలో స్ట్రేంజర్'తో మొదలుపెట్టి డెక్కా పాటలు ఎనిమిది రాసి పంపాను. ఆ వెంటనే 'సింగిల్ గర్ల్, మ్యారీడ్ గర్ల్' వినమన్నాను. పదేళ్లు వెనక్కి వెళ్లాక అదే గొంతు అంత సన్నగా ఎలా ఉందో చూసి ఆశ్చర్యపోతారు. రోజుకు రెండు పాటలు మించవద్దని కూడా రాశాను. ఇంకా జవాబు రాలేదు.