టోక్యోలో గోంగూర కావాలంటే బర్మా కొట్టుకి వెళ్ళండి

ఉండేది నిషి కసాయ్‌లో. చుట్టూ మనదేశం వాళ్ళే కాబట్టి కందిపప్పు, చింతపండు, ఇంగువ, సోనామసూరి దేనికీ లోటు లేదు. గోంగూరకే కరువు. దొరికేది సీసాలో పచ్చడి. మూత తీస్తే వెనిగర్ వాసన, పైన రెండు వేళ్ళ మందాన నూనె, నోట్లో పెడితే ఉప్పు. రెండేళ్ళు దాంతోనే నెట్టుకొచ్చాను. అమ్మ పంపుదామన్నా, పచ్చి ఆకుకూరని సర్టిఫికెట్ లేకుండా జపాన్‌లోకి రానివ్వరు.

పోయిన వేసవిలో ఆఫీసులో ఒక బర్మా అబ్బాయి లంచ్ బాక్సు తెరిచాడు. ఎండు రొయ్యలూ వెదురు కొమ్ములూ వేసి వేయించిన ఆకు. ఆ వాసనకి నేను తింటున్నది పక్కన పెట్టేశాను. పేరు అడిగితే "చిన్ బౌంగ్" అన్నాడు. చిన్ అంటే పులుపట. ఆకు ఫోటో చూపించాడు. మన గోంగూరే!

ఆ శనివారమే తకదనొబాబా వెళ్ళాను. బర్మా వాళ్ళ కొట్లు, హోటళ్ళు ఎక్కువ కాబట్టి ఆ పేటని లిటిల్ యాంగాన్ అంటారు. మా స్టేషన్ నుంచి తోజాయ్ లైన్‌లో రైలు మారే పని లేదు. నేను వెళ్ళే కొట్టు ఒక పాత బిల్డింగ్ పై అంతస్తులో ఉంది. లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాలి. ఫ్రిజ్ కింది అరలో ఎర్ర కాడల కట్టలు కనిపించాయి. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను, దవడలు లాగేశాయి. కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ నవ్వి "సుప్పై!" అంది. జపనీస్‌లో పులుపు అని. నేనూ "సుప్పై!" అన్నాను. మా ఇద్దరి మధ్య భాష ఇప్పటికీ దాదాపు అంతే.

మాది శ్రీకాకుళం వైపు. మా ముత్తాత రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో (ఇప్పటి యాంగాన్), బియ్యం మిల్లులో పనిచేసి, 1942లో జపాన్ సైన్యం వస్తోందని కాలినడకన ఇల్లు చేరాడట. ఆయన మునిమనవడు జపాన్‌లో కూర్చుని రంగం వాళ్ళ దగ్గర గోంగూర కొంటున్నాడంటే ఏమనేవాడో!

ఇక వండే సంగతి. మొదటిసారి ఇక్కడి సూపర్ మార్కెట్లో దొరికే నువ్వుల నూనె పోశాను. అది వేయించిన నువ్వులతో తీసింది, ముదురు రంగు. పచ్చడి మొత్తం నూడుల్స్ వాసన కొట్టింది, కట్టలన్నీ దండగ. 'తైహకు' అని రాసి ఉన్న సీసా కొనండి. పచ్చి నువ్వులతో తీసిన నూనె, తెల్లగా ఉంటుంది. మన గానుగ నూనెంత కమ్మగా ఉండదు గానీ ఆకు రుచిని చెడగొట్టదు. అన్నం మాత్రం సోనామసూరే వండాలి. జపాన్ బియ్యంతో కలిపితే ముద్ద వేళ్ళకి అంటుకుని వదలదు, పచ్చడి ఒక పక్క, మెతుకులు ఒక పక్క.

లోపాలు లేవని కాదు. సరుకు ఏ రోజు వస్తుందో గట్టిగా చెప్పరు. నేను చూసినంతలో శుక్రవారం సాయంత్రం వస్తుంది, ఆదివారానికి మిగిలేది వడిలిన ఆకు. కట్ట 350 యెన్‌లు. నాలుగు కట్టలు మగ్గబెడితే చిన్న గిన్నెడు అవుతుంది, లెక్క వేసుకోకుండా తినాలి. చలికాలంలో ఫ్రోజెన్ ప్యాకెట్లే దిక్కు. అవి పప్పులోకి, మటన్‌లోకి బాగానే ఉంటాయి. పచ్చడికి పనికిరావు, నీరు వదులుతూనే ఉంటాయి. ఎండు రొయ్యలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి, ఇసుక లేకుండా శుభ్రంగా. గోంగూరలో అవి వేసిన రోజు కిటికీలన్నీ తెరిచి వండుతాను, పక్క ఫ్లాట్ వాళ్ళు ఇంకా ఏమీ అనలేదు.

శనివారం పొద్దున్నే వెళ్ళేవాళ్ళు నాలుగు కట్టలు వదిలేయండి. నేను చేరేసరికి పన్నెండవుతుంది.