ట్రంకు రోడ్డులో మా కొట్టుకి వేయించిన ఎల్ఈడీ అక్షరాల బోర్డు, ఏడాది వాడాక నా రివ్యూ

నెల్లూరు ట్రంకు రోడ్డులో మాది స్టీలు సామాన్ల కొట్టు. బోర్డు మార్చాలనుకునేవాళ్ళు వచ్చి ఎంతయిందన్నా, వానకి తట్టుకుంటదా, అక్షరాలు ఊడిపోవా అని అడగతానే ఉంటారు, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా. ముందే చెప్పేస్తా, బోర్డు బో బాగుంది, పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది. కానీ ఒక్క షాపు మార్చుకుంటే వచ్చేది సగం లాభమే, మిగతా సగం రావాలంటే లైను మొత్తం మారాలి, దానికి కార్పొరేషన్ కూడా ఒక చెయ్యి వెయ్యాలి, అది కింద రాస్తా.

పాతది ఫ్లెక్సీ, లోపల ట్యూబులైట్లు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను గాలికి ఫ్లెక్సీ చినిగిపోయి ఫ్రేము వంగి కరెంటు తీగల పక్కకి వాలింది, కింద జనం నడిచే దారి, ఆ రోజు ఎవురికీ ఏమీ కాలేదు అంతే. ఫ్లెక్సీ అయితే చదరపు అడుగు పదీ ఇరవై రూపాయల్లో అయిపోద్ది కాబట్టే అందరం మళ్ళీ మళ్ళీ అదే వేస్తాం, మన ఎండలకి ఏడాది తిరిగేసరికి ఎరుపంతా ఎగిరిపోయి నీలం మాత్రం మిగుల్తది, పేరు కూడా సరిగ్గా కనపడదు.

కొత్తది 16 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. వెనక ఇనప స్క్వేర్ పైపు ఫ్రేము, దాని మీద ఏసీపీ షీటు, షీటు మీద అక్రిలిక్ అక్షరాలు, వాటి లోపల ఎల్ఈడీ మాడ్యూల్స్ అంటే చిన్న చిన్న లైటు ముక్కలు, వాటికి కరెంటు ఇచ్చే 12 వోల్టుల పవర్ సప్లై పెట్టె. ఫ్రేముకి తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు రెండు పూతలు నా కళ్ళ ముందే కొట్టించినా, సముద్రం గాలి మన ఊరిదాకా వస్తది, వెల్డింగు చేసిన చోటే ముందు తుప్పు పట్టేది. ఏసీపీ అంటే రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్, దానికి నిప్పంటుకుంటది, అందుకని వేడెక్కే పవర్ సప్లై షీటుకి ఆనించకుండా షాపు లోపల గోడకి బిగించమన్నా, మీరు కూడా అట్నే చేయించుకోండి.

అసలు పనంతా తెలుగు అక్షరాల దగ్గరే ఉంది. ఇంగ్లీషు అక్షరం ఒకే ముక్క, కట్ చేసి అతికించేస్తే అయిపోద్ది. మా పేరులో లక్ష్మీ ఉంది, ఆ క్ష్మీ చూడండి, కింద వత్తులు, పైన గుడిదీర్ఘం, సన్నటి మెలికలు, ఆ మెలికలో మాడ్యూల్ పట్టదు, పట్టనిచోట వెలుగు రాదు, రాత్రికి దూరం నుంచి చూస్తే అక్షరంలో సగం కనపడి సగం కనపడదు. ముందు తిరిగిన షాపుల్లో కొందరు తెలుగు చిన్నగా స్టిక్కర్ వేసేద్దాం, ఇంగ్లీషు ఒక్కటే వెలిగిద్దాం అన్నారు, నేను ఒప్పుకోలా. మా దగ్గరికొచ్చే వాళ్ళు కోవూరు, బుచ్చి, పొదలకూరు వైపు పల్లెల నుంచి వస్తారు, వాళ్ళు చదివేది తెలుగు. పైగా మన రాష్ట్రంలో షాపు బోర్డు మీద తెలుగు ఉండాలని రూలు కూడా ఉంది. చివరికి మినీ బైపాస్‌లో ఒక షాపులో డిజైన్ చేసే కుర్రోడు ఓపిగ్గా కూర్చున్నాడు, గీత అంతా ఒకే మందంగా ఉండే లావు ఫాంటు తీసుకుని, వత్తుల్ని కొంచెం పెద్దవి చేసి, కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి షాపు ముందు గోడకి అంటించి, రోడ్డు అవతలికి పోయి చూడన్నా అన్నాడు. ఆ ఒక్క పనికే ఆ పిల్లోడి గురించి ఎంత చెప్పినా తక్కువే. మీరు ఎవరి దగ్గర చేయించినా ఆ కాగితం ప్రింటు అడక్కుండా అడ్వాన్సు ఇవ్వబాకండి.

లోటు కూడా చెప్తా. మొదటి వానాకాలంలో ఒక అక్షరం ఆరిపోయింది, లోపల వైరు జాయింటులోకి నీళ్ళు పొయ్యినాయి. ఫోన్ చేస్తే రేపు మాపు అని తిప్పినారు, వచ్చాక మాత్రం సిలికాన్ పెట్టి అన్ని జాయింట్లూ సరిచేసి పొయ్యినారు, మళ్ళీ ఇబ్బంది రాలా. పవర్ సప్లైకి వారంటీ ఎంతో బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట పనికిరాదు. కరెంటు మాత్రం బాగా తగ్గింది, పాత ట్యూబులు పది, ఒక్కోటి 40 వాట్లు, అంటే చోకులు కాకుండానే 400, ఇప్పుడు మొత్తం కలిపి 150 లోపే.

ఖర్చు 58 వేల చిల్లర. చిన్న కొట్టుకి అది మాటలు కాదు. మా పక్కన చెప్పుల కొట్టాయనకీ, ఎదురు మందుల షాపాయనకీ మార్చాలని ఉంది, డబ్బు దగ్గర ఆగిపోతున్నారు. ఇప్పుడు నా బోర్డు ఒకవైపు, పక్కన కాలవ మీదకి పొడుచుకొచ్చిన పాత ఇనప చట్రాలు ఒకవైపు, సెంటర్ వైపు నుంచి వస్తుంటే వాటి వెనక నాది దాక్కుండిపోతది.

మా తమ్ముడి కొడుకు అమెరికాలో ఉంటాడు, వాడు చెప్పినాక నేనూ చదివినా, అక్కడ చాలా ఊళ్ళల్లో వ్యాపారాలుండే రోడ్డు ఒకటి ఎంచుకుని, పాత బోర్డు తీసి కొత్తది పెట్టుకునేవాళ్ళకి ఖర్చులో కొంత భాగం, చాలాచోట్ల సగం, ఒక పరిమితి దాకా సిటీయే ఇస్తది. డిజైను ముందే చూపించాలి, కొటేషన్లు ఇవ్వాలి, మంజూరు కాకముందు పని మొదలుపెడితే రూపాయి రాదు, పనయ్యాక బిల్లులు చూపిస్తేనే డబ్బు. ఎందుకిస్తారంటే, కొత్త రూలు రాకముందే నిలబెట్టిన బోర్డుని చాలాచోట్ల ఊరికే పీకించడానికి లేదు, ఎత్తు స్తంభాల మీదుండే ఆ పాత బోర్డులు ఓనరు ఒప్పుకుంటేనే దిగేది, ఒప్పించడానికి ఈ డబ్బు. బ్రెజిల్‌లో సావో పాలో అట్ట కాదు, 2007 నుంచి చట్టం పెట్టి హోర్డింగులు దించేసింది, ముందు భాగం 10 మీటర్ల లోపున్న షాపుకి బోర్డు 1.5 చదరపు మీటర్లు దాటకూడదు. నాది దాదాపు 6 వస్తది! మనకి సావో పాలో పద్ధతి వద్దు, చిన్న షాపులోళ్ళు నలిగిపోతారు, అమెరికా పద్ధతే కావాలి. సగం కాకపోయినా మూడో వంతు ఇచ్చినా చాలు, కాలవ మీదకి రాకూడదు, తెలుగు పెద్దగా ఉండాలి, ఫ్రేము గట్టిదని ఇంజనీరు చూసి సంతకం పెట్టాలి, ఈ మూడు షరతులు పెట్టి ఇమ్మనండి, మళ్ళీ తుఫానొచ్చినా మనుషుల మీద పడే బోర్డులుండవు.

మా లైన్లోవాళ్ళం సోమవారం కార్పొరేషన్ గ్రీవెన్స్‌లో, అంటే అర్జీలు తీసుకునే చోట, కమిషనర్ గారికి అర్జీ ఇస్తున్నాం, నా బిల్లులూ ఫోటోలూ జత చేస్తున్నా. ట్రంకు రోడ్డులో గానీ చినబజారు, పెదబజారుల్లో గానీ కొట్టున్నోళ్ళు ఎవరైనా సంతకం పెడతామంటే ఆదివారం లోపల రండి, మీ పాత బోర్డు ఫోటో ఒకటి, కొలతలు తెచ్చుకోండి.