గూడబాతు, దాని ప్రతిబింబం: గట్టు మీది నుంచా, నీటి మట్టం నుంచా?

కొల్లేటి ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతును (పెలికాన్‌ను) గట్టు మీద నిలబడి తీసిన ఫొటోనూ, నీటి మట్టానికి దగ్గరగా కెమెరా దించి తీసిన ఫొటోనూ పక్కపక్కన పెట్టి చూపినప్పుడు, మిత్రులలో ఎక్కువమంది రెండోదానినే మెచ్చుకున్నారు. చూపు నీటిని ఎంత ఏటవాలుగా తాకితే నీరు అంత ఎక్కువ కాంతిని ప్రతిఫలిస్తుంది కనుక, ముక్కు కింది సంచి మడతలు, పైముక్కు వెంబడి ఉండే మచ్చలు సైతం ప్రతిబింబంలో తేటగా కనిపించాయి. గట్టు మీది ఫొటోలో నీటి అడుగు రంగు కలిసి ప్రతిబింబం మసకబారింది. అయితే పక్షికీ వెనుకనున్న తూటికాడకూ మధ్య ఎడం తెలిసేది అందులోనే. మెడ నిటారుగా ఎత్తిన పక్షికి నిలువు ఫ్రేమ్ తగినదని ఒక మిత్రుడు చేసిన సూచనతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పోలరైజర్‌ను (నీటి మీది మెరుపును తగ్గించే లెన్సు ఫిల్టరును) మాత్రం తీసివేయాలి, ఎందుకంటే మనం కోరే ప్రతిబింబాన్నే అది తగ్గించగలదు.