ఒక్కరోజు అంపైర్ క్లాసు: పొద్దున బంగారం, మధ్యాహ్నం కునుకు

పోయిన సీజన్‌లో ఒక పిల్లల బేస్‌బాల్ ఆటలో ఫస్ట్ బేస్ దగ్గర అంపైర్‌గా నేనిచ్చిన ఒక అవుట్ ఇంకా నన్ను వదల్లేదు. బంతి రన్నర్ కంటే ముందే గ్లవ్‌లో పడింది, నేను పిడికిలి ఎత్తేశాను. కానీ ఫీల్డర్ కాలు బేస్‌కి తగిలి ఉంటేనే అది అవుట్; కాలు బేస్ మీద లేదని కోచ్ మొత్తుకున్నాడు. నేనున్న చోటి నుంచి ఆ కాలు కనబడనే లేదు. ప్లేట్ దగ్గర, అంటే బ్యాటర్ నిలబడే చోట ఉన్న నా తోటి అంపైర్, నా పార్ట్‌నర్ మాత్రం లైను వెంబడి వచ్చి చక్కగా చూశాడట. మరి చెప్పలేదేం అంటే, "నువ్వు అడగలేదుగా" అన్నాడు. ఆ ఉక్రోషంతోనే, పిల్లల బేస్‌బాల్‌కి అంపైరింగ్ చేసేవాళ్ల కోసం పెట్టిన ఈ క్లాసులో చేరాను.

మొదటి గంటలోనే తేలింది, తప్పు అతనిది కాదని. అధికారిక రూల్స్‌లో 8.02(సి) ప్రకారం కాల్, అంటే నిర్ణయం, ఇచ్చిన అంపైర్ అడిగితే తప్ప రెండోవాడు అందులో వేలు పెట్టకూడదు.

ఇక డ్రిల్. ఒకతను ఫస్ట్ బేస్‌లో నిలబడి బంతి అందుకుంటూ కావాలనే కాలు అంగుళం జరుపుతాడు. మేం కాల్ ఇవ్వకుండా ముందు పార్ట్‌నర్ వైపు చెయ్యి చూపి "కాలుందా?" అని అరవాలి. జవాబు విన్నాకే అవుటో సేఫో. మొదట అవుట్ ఇచ్చేసి తర్వాత అడిగితే రెండు జట్ల కోచ్‌లూ మీద పడతారు. ఇన్నాళ్లూ నేను చేసింది అదే!

చెక్ స్వింగ్, అంటే బ్యాటర్ బ్యాట్ ఊపబోయి మధ్యలో ఆపేయడం, గురించి కూడా బాగా చెప్పారు. ప్లేట్ అంపైర్ దాన్ని బాల్ (బ్యాటర్‌కి లాభించేది) అంటేనే, బేస్ అంపైర్‌ని అడగమని క్యాచర్ గానీ మేనేజర్ గానీ అప్పీల్ చేయగలరు; స్ట్రైక్ (మూడైతే బ్యాటర్ అవుట్) అంటే అప్పీల్ లేదు. రెండు స్ట్రైకుల మీద క్యాచర్ బంతి వదిలేస్తే మాత్రం ఎవరూ అడక్కముందే మనమే బేస్ అంపైర్‌ని అడిగెయ్యాలట. అది మూడో స్ట్రైకైతే, క్యాచర్ పట్టలేదు కాబట్టి, బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తాల్సి రావచ్చు కదా.

అన్నిటికీ అడగడమూ తప్పే. కళ్లెదుట జరిగినదానికి నిర్ణయం మనదే. 2010 జూన్ 2న అమెరికా మేజర్ లీగ్ అంపైర్ జిమ్ జాయిస్ ఫస్ట్ బేస్‌లో తప్పుగా సేఫ్ ఇచ్చి, పిచ్చర్ గలరాగా పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వని ఆట) పోగొట్టాడు. మైదానంలో నలుగురు అంపైర్లున్నా అది ఆయన ఒక్కడి కాల్. మేజర్ లీగ్‌లో అలాంటి కాల్స్‌కి వీడియో రీప్లే 2014లో వచ్చింది. మాకు ఉన్నది పార్ట్‌నరే.

మధ్యాహ్నం మాత్రం దండగ. స్లైడ్లు చదివి వినిపించారు, వీడియోలో బంతే కనపడలేదు. ఇద్దరు అంపైర్లు చెరో కాల్ ఇచ్చేస్తే కోచ్‌లను దూరం పెట్టి ఎలా మాట్లాడుకోవాలన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. దాన్ని రెండు నిమిషాల్లో దాటేశారు. మనుషులెక్కువ, ట్రైనర్ ఒక్కడే. డ్రిల్‌లో నాకు దక్కింది మూడే వంతులు. ఐదుకి మూడున్నర ఇస్తాను, అదీ పొద్దుటి సెషన్ వల్ల.

పోయిన వారం అదే పార్ట్‌నర్‌తో ఆట పడింది. అదే ఫస్ట్ బేస్. "కాలుందా?" అన్నాను. "ఉంది" అన్నాడు. అవుట్ ఇచ్చాను. కోచ్ అయినా అరిచాడనుకోండి.